మేకప్‌కు టోనీ ఇస్తారా?

ప్రశ్న: అన్నా, పద్యనాటకాలకు మేకప్ వేస్తుంటాను. అమెరికా వాళ్ల టోనీ అవార్డు మాలాంటోళ్లకూ వస్తుందా?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: రాదు తమ్ముడూ. అది న్యూయార్క్‌లో బ్రాడ్‌వే అని పిలిచే పెద్ద థియేటర్లలో ఆడే నాటకాలకే. 500 సీట్లకు తగ్గిన హాల్లో ఆడితే, అదే ఊరి నాటకమైనా లెక్కలోకి రాదు. నటి, దర్శకురాలు ఆంటోనెట్ పెర్రీ ముద్దుపేరు ‘టోనీ’ మీద 1947లో మొదలైంది. తొలి ఏడాది పతకం కూడా లేదు. ప్రశంసాపత్రంతో పాటు మగవాళ్లకు సిగరెట్ లైటరు, ఆడవాళ్లకు పౌడరు డబ్బీ చేతిలో పెట్టారు!

దుస్తులకు, లైటింగ్‌కు, సెట్‌కు, సౌండ్‌కు వేర్వేరు అవార్డులున్నాయి గానీ మేకప్‌కు లేదు. నన్నడిగితే అన్యాయమే. తెల్లారేదాకా పద్యాలు పాడే హరిశ్చంద్రుడి ముఖాన చెమటకు రంగు కారకుండా నిలబెట్టేది నువ్వే కదా! గొప్ప రంగస్థల నటుడు బళ్లారి రాఘవ పుట్టిన ఊరు మీది. ఆయన పేరుతో మీ నాటక సమాజమే ఏటా మేకప్‌కు ఒక బహుమతి పెట్టొచ్చు.