కీచైన్ కుట్టే ముందు ఇది చదువు నాన్నా

ఒరేయ్ నాన్నా,

మీ నాన్న స్కూటర్ తాళానికి తోలు కీచైన్ నీ చేత్తో కుట్టి ఇస్తావని మీ అమ్మ చెప్పింది, దానికోసం ఆన్‌లైన్లో ఏదో పెద్ద టూల్ కిట్ చూస్తున్నావంట కూడా. ఆర్డర్ పెట్టకు. నేను పదిహేనేళ్ళుగా కుడుతున్నా, బ్యాగులు కూడా కుట్టా, నా సామానంతా ఇప్పటికీ ఒక బిస్కెట్ డబ్బాలో పడుతుంది. ఒక ఆరె (తోలుకి కన్నాలు పొడిచే మొనదేలిన పనిముట్టు), రెండు సూదులు, మైనం పట్టించిన దారం, కట్టర్, స్టీల్ స్కేలు, గరుకు కాగితం, అంతే.

డబ్బు పెట్టాల్సింది తోలు మీద. ఇంట్లో పాత బెల్ట్ ఉంది కదా కోసేద్దాం అనుకుంటావేమో, ముందు దాని అంచు చూడు, ప్లైవుడ్ లాగా పొరలు పొరలుగా కనిపిస్తే అది పైన ప్లాస్టిక్ పూత వేసిన అట్ట, కుట్టినా నాలుగు నెలల్లో పెచ్చులు ఊడుతుంది. షాపులో వెజ్ ట్యాన్ తోలు అని అడుగు, పచ్చి తోలు కుళ్ళకుండా చెట్ల బెరడు, కాయల్లాంటి వాటితో ఊనబెట్టింది అన్నమాట. మన వైపు పాతకాలంలో తంగేడు చెక్క, కరక్కాయ వాడేవాళ్ళు, అవును బతుకమ్మలో పేరుస్తామే ఆ తంగేడే. పూత లేని ముక్క మీద నీళ్ళ చుక్క వేస్తే పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది, అదే గుర్తు. క్రోమ్ తోలైతే, అంటే క్రోమియం ఉప్పులతో ఊనబెట్టిందైతే, కోసిన చోట మధ్యలో కొంచెం నీలంగానో బూడిదరంగుగానో ఉంటుంది చాలాసార్లు, మెత్తగా బాగుంటుంది కానీ అంచు ఎంత రుద్దినా నున్నబడదు. 2 మిల్లీమీటర్ల మందం చాలు. చెన్నై పెరియమేట్ వైపు ఎవరైనా వెళ్తుంటే ముక్కలు తెప్పించుకో, నీకు కావాల్సింది 18 సెంటీమీటర్ల పొడవు, 2.2 వెడల్పు ఉన్న పట్టీ ఒక్కటే.

పట్టీ మధ్యలో కొంచెం తడిపి మడత పెట్టు, పొడిగా మడిస్తే పైన పగుళ్ళొస్తాయి. రింగు ఇప్పుడే ఎక్కించు. నవ్వకు, నా మొదటి కీచైన్‌కి అతికించి, కుట్టి, అంచులు కూడా రుద్దేసి ఆహా అనుకుంటూ చూస్తే డీ రింగు (D ఆకారంలో ఉండే ఇనప రింగు) టేబుల్ మీదే ఉంది, అది వెల్డింగ్ రింగు, తర్వాత ఎక్కించే దారి లేదు, మొత్తం విప్పా. తడి ఆరాక లోపల రెండు వైపులా రబ్బర్ గమ్ పల్చగా రాసి, వేలికి అంటుకోకుండా అయ్యేదాకా ఆగి అప్పుడు నొక్కు.

ఇక కన్నాలు. కుట్టు అందంగా వచ్చిందా లేదా అనేది సూది పట్టుకోకముందే తేలిపోతుంది. స్కూల్ గ్రాఫ్ పేపర్ ముక్క పైన అతికించు, అంచు నించి 3 మిల్లీమీటర్లు లోపలికి గీత గీసి, నాలుగేసి చిన్న గళ్ళకి ఒక చుక్క పెట్టు, అంటే 4 మిల్లీమీటర్లకి ఒక కన్నం. కింద పాత హవాయి చెప్పు పెట్టి ఆరె నిటారుగా దించు. పక్కకి వాలితే ముందు లైను తిన్నగానే ఉంటుంది, వెనక మాత్రం తాగినోడు నడిచినట్టు ఉంటుంది. రింగు దగ్గర కాస్త వదిలేసి ఆ పక్క, కింద, ఈ పక్క కలిపి 14 సెంటీమీటర్లు, అంటే ఓ 35 కన్నాలు, ఒక సాయంత్రం పని.

దారం కుట్టు పొడవుకి నాలుగు రెట్లు, పైన చేతి పట్టుకి ఇంకాస్త, 75 సెంటీమీటర్లు కోసుకో. రెండు కొసలకీ రెండు సూదులు, మొనలు గరుకు కాగితం మీద రుద్ది మొద్దు చెయ్యి, లేకపోతే సూది పోయి దారాన్నే గుచ్చుతుంది. మొదటి కన్నంలో దూర్చి దారం రెండు వైపులా సమానం చేసుకో. తర్వాత ప్రతి కన్నంలోనూ ముందు కుడిచేతి సూది, దాని దారం కొంచెం వెనక్కి లాగిపట్టి అదే కన్నంలోంచి ఎడమ సూది, ఈ వరస ఒక్కసారి కూడా మార్చకు, మారిస్తే ఆ ఒక్క కుట్టు వంకరగా నీ వైపే చూస్తుంటుంది. మిషన్ కుట్టు ఒకచోట తెగితే జారుతూ పోతుంది, ఇది ఒక దారం తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. మా బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే తాత ఇది నాకు నేర్పించాడు, బక్కెట్ బోర్లించి కూర్చోబెట్టి, నేను గట్టిగా లాగినప్పుడల్లా "తోలు ఏడుస్తుందమ్మా" అనేవాడు. దారం తోలులోకి దిగి కోసేంత లాగకు, ఆనుకుంటే చాలు. చివర రెండు మూడు కన్నాలు వెనక్కి కుట్టి కత్తిరించు, పాలిస్టర్ దారమైతే లైటర్ చూపించు, నార దారమైతే చుక్క ఫెవికాల్.

అంచులు గరుకు కాగితంతో సమం చేసి, తడి వేలితో తడిపి, పాత జీన్స్ గుడ్డతో వేడెక్కేదాకా రుద్దు, కాస్త మైనం కూడా. కొబ్బరి నూనె మాత్రం వద్దు, మరకలు పడతాయి.

అమ్మమ్మ "తోలు పని మనకెందుకురా" అని సణిగితే పట్టించుకోకు, నన్నూ అలాగే అంది, ఇప్పుడు నేను కుట్టిన సంచీ చంకనేసుకునే గుడికెళ్తుంది.

అయ్యాక ఫోటో పంపు. ముందు వైపుది కాదు, వెనక వైపుది.

మీ పెద్దమ్మ