గోరంత సెల్లు, గజమంత పలక

చిరంజీవి స్వాతికి పెద్దనాయన దీవెనలు.

నల్గొండ జిల్లా చిట్యాల దగ్గర షెడ్డు తీసుకుని, పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థాన్ని ఇంకులెక్క గాజు మీద పూసి చేసే సోలార్ పలకల పైలట్ లైన్ (చిన్నగ చేసి చూసే లైన్) పెడతానని రాసినవు. మిషన్లకు అడ్వాన్సు ఇయ్యకముందే ఇది చదువు బిడ్డా.

ఎండను కరెంటుగ మార్చుడులో 2009లో 3.8 శాతం దగ్గర మొదలైన ఈ సెల్లు ఇయ్యాల ల్యాబుల్లో 26 శాతం దాటింది. కానీ ఆ రికార్డు సెల్లు గోరంత కూడా ఉండదు. నూరు పలకలు చేస్తే అధ్వానంగ వచ్చిన పది ఎందుకట్లయినయో చెప్పగలిగిన నాడే లైన్ నీ చేతికి వచ్చినట్టు. అందుకే 5 సెంటీమీటర్ల పలక, తర్వాత 10, ఆ తర్వాతే 30. వరుసగా 50 పలకలు ఒక్క తీరుగ రానిదే పైమెట్టు ఎక్కకు.

గాజును గిరగిర తిప్పి ఇంకు పరిచే స్పిన్ కోటింగ్ ఇక్కడితో వదిలెయ్యి, అందులో ఇంకు పదింట తొమ్మిది వంతులు చిమ్మిపోతది. సన్నని చీలిక గుండా ఇంకును గాజు మీద పరిచే స్లాట్ డై కొను. 30 సెంటీమీటర్ల వెడల్పు, నిమిషానికి మీటరు వేగం, 10 మైక్రాన్ల తడి పొర కావాలంటే పంపు నిమిషానికి 3 మిల్లీలీటర్లు ఇయ్యాలె. పంపు కుదుపు పడితే పలక మీద అడ్డగీతలు వస్తయి. డై పెదవికి ఎండిన ఇంకు రవ్వ అంటితే మొదటినుంచి చివరిదాకా నిలువు గీత పడతది.

అసలు పని చెడేది పూత అయిన వెంటనే. ల్యాబులో క్లోరోబెంజీన్ అనే ద్రావకం పోసి స్ఫటికం కట్టిస్తవు, పెద్ద పలక మీద అది సమంగ పడదు. సన్నని గాలి ధార కొట్టే ఎయిర్ నైఫుతో పొడి నైట్రోజన్ కొట్టి పొరను ఆరబెట్టాలె. డై నుంచి నైఫుకు 10 సెంటీమీటర్ల ఎడముంటే, మీటరు వేగంలో పొరకు 6 సెకన్లు దొరుకుతయి. నీ ఇంకుకు కుదిరిన సెకన్లు ఎన్నో పట్టుకో, వేగం మార్చినప్పుడల్లా ఎడం జరిపి ఆ సెకన్లను కాపాడు. ఆలస్యమైతే పొర మసకబారి, దీపానికి అడ్డం పెట్టి చూస్తే సూదిమొనంత బెజ్జాలు మెరుస్తయి. మంచి పొరలో నల్లటద్దంలెక్క నీ మొహం కనపడతది.

మనకాడి బోరు నీళ్లతో గాజు కడగొద్దు. తాగేటోళ్లకు ఫ్లోరైడ్ శత్రువైతే నీ గాజుకు కాల్షియం, సిలికా శత్రువులు. చుక్క ఆరిన చోట తెల్ల మచ్చ, మచ్చ ఉన్న చోట ఇంకు పట్టదు. మిషన్ భగీరథ నీళ్లయినా ఆర్‌వో, ఆపైన మిగిలిన లవణాలను పట్టే మిక్స్‌డ్ బెడ్ దాటాలె. నీళ్ల శుద్ధి 18 మెగాఓమ్‌కు వచ్చిందో లేదో చూపే మీటరును కడిగే కుళాయి కాడ పెట్టు, ట్యాంకు కాడ కాదు. పూత గదిలో తేమ 30 శాతం లోపు ఉంచు. డ్రయ్యరు సైజు ఎండకాలాన్ని చూసి కొనకు, శ్రావణాన్ని చూసి కొను. పంపుకూ నైఫుకూ యూపీఎస్ తప్పదు, పూత నడుమ కరెంటు పోతే ఆ పలక పోయినట్టే.

లేజరుతో గీతలు గీసి పలకను పట్టీలుగ విడగొట్టాలె, 6 మిల్లీమీటర్ల పట్టీలు చాలు. పట్టీ వెడల్పైన కొద్దీ వాహక పొరలో నష్టం పెరుగుతది. పక్క పట్టీతో కలిపే రెండో గీతలో మడ్డి మిగిలితే పట్టీల నడుమ అతుకు సరిగ కుదరదు. పట్టీలన్నీ వరుసగ కలుస్తయి కాబట్టి ఒక్కటి చెడితే పలకంతా దాని వెంటే పోతది.

పలకను మూసే షీటుకు ఈవీఏ ప్లాస్టిక్ వాడకు, వేడికి ఎసిటిక్ ఆమ్లం విడిచి పొరను తింటది. పాలియోలెఫిన్ పెట్టు. అంచున సెంటీమీటరు మేర పూతలన్నీ గీకి, ఉత్త గాజు మీదనే బ్యూటైల్ సీల్ అతికించు. పూత మిగిలితే తేమ ఆ దారినే లోపలికి పోతది. పరీక్షలో పలక 85 డిగ్రీలు, 85 శాతం తేమలో 1000 గంటలు నిలవాలె, అంటే దాదాపు 42 రోజులు. దాన్ని తొందరపెట్టకు. పాసైనంక పాలమూరు ఎండలో మేడ మీద రోహిణి కార్తె నుంచి వానలు వెళ్లేదాకా నిలబెట్టి చూడు.

పెరోవ్‌స్కైట్ పొరలో సీసం ఉంటది, చదరపు మీటరుకు గ్రాము లోపే, పలకలో ఉన్నన్నాళ్లు భయం లేదు. భయమంతా కడిగిన నీళ్లతోనే. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిన జిల్లా మనది బిడ్డా, ఆ భూమిలోకి ఒక్క బొట్టు సీసం నీళ్లు ఇంకనియ్యకు. డై కడిగినవి, పగిలిన పలకలు, తొడిగిన గ్లౌజులు విడిగ డ్రమ్ముల్లో మూసిపెట్టి దుండిగల్ వ్యర్థాల కేంద్రానికి పంపు. ఇంకులోని డీఎంఎఫ్ ద్రావకం చర్మం గుండా ఒంట్లోకి పోతది, గర్భిణులకు మరీ చేటు. పూత మిషన్ మీద ఎగ్జాస్ట్ బిగించకుండ ఆడపిల్లలను ఆ గదిలో పనికి పెట్టకు, మగపిల్లలనూ పెట్టకు.

మిషన్ల కొటేషన్లు వచ్చినంక నాకు పంపించు, డై పెదవుల నడుమ ఎడం ఎంతో అందులో రాయించు.

మీ పెద్దనాయన