వరద నీళ్లు ఇంట్లోకొచ్చాయి, లీజు రద్దు చేసుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లోని శాన్ మార్కస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి నది దగ్గర్లో కింది అంతస్తు అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. ఈమధ్య వరద నీళ్లు లోపలికొచ్చి పరుపులు, లాప్‌టాప్‌లు పాడైపోయాయి. పిల్లలకేమీ కాలేదు. ఖాళీ చేస్తామంటే, మిగిలిన ఎనిమిది నెలల అద్దె కట్టాల్సిందేనని ఓనర్ అంటున్నాడు. ఇక్కడ మాకు ఒకటే టెన్షన్. ఏం చేయాలి?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పిల్లలు క్షేమంగా ఉన్నారు, అది చాలా సంతోషం. ఇక లీజు సంగతి. సంతకం పెట్టినంత మాత్రాన ఎనిమిది నెలల అద్దె కట్టి తీరాలని లేదు.

శాన్ మార్కస్ వరదలు తెలిసిన ఊరు. 2015లో మే నెలలో ఒకసారి, అక్టోబరులో మరోసారి మునిగింది. 2022 జనవరి 1 నుంచి టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో 92.0135 సెక్షన్ అమల్లో ఉంది. ఇల్లు వందేళ్ల వరద ముంపు ప్రాంతంలో (అంటే ఏ ఏడాదైనా వరద వచ్చే అవకాశం ఒక శాతం ఉండే చోట) ఉన్నట్టు తనకు తెలుసో లేదో, గత ఐదేళ్లలో ఆ ఇంటికి వరద నష్టం జరిగినట్టు తెలుసో లేదో ఓనర్ రాసివ్వాలి. అది లీజులో ఎక్కడో ఒక వాక్యంగా ఉంటే చాలదు. సంతకానికి ముందో, సంతకం సమయంలోనో విడి కాగితంగా ఇవ్వాలి. మీవాడిని ముందు ఆ కాగితం కోసం వెతకమనండి, ఈమెయిళ్లలో కూడా.

కాగితం ఇవ్వకపోయినా, అందులో తెలిసిన విషయం దాచినా, వరదలో సామాన్లకు పెద్ద నష్టం జరిగితే లీజు రద్దు చేసుకోవచ్చు. పెద్ద నష్టమంటే, బాగు చేయించడానికో కొత్తవి కొనడానికో అయ్యే ఖర్చు ఆ రోజుకు సామాన్ల మార్కెట్ విలువలో సగమైనా ఉండాలి. అందుకే ఫోటోలు, బిల్లులు జాగ్రత్త చేయాలి. నష్టం జరిగిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఈ గడువు దాటనివ్వకండి. లీజు ముగ్గురి పేరునా ఉమ్మడిగా ఉంటే ముగ్గురూ సంతకం పెట్టాలి. లేకపోతే ఒకడు వెళ్లినా అద్దె భారం మిగతావాళ్ల మీద, మళ్లీ అతని మీద కూడా పడుతుంది.

ఆ కాగితం సరిగానే ఇచ్చి ఉంటే? ఇల్లు నివాసానికి పూర్తిగా పనికిరాకుండా పోయి ఉంటే 92.054 సెక్షన్ చూడాలి. అది అగ్నిప్రమాదం, పేలుడు లాంటి నష్టాల కోసం పెట్టింది. వరదకూ వర్తిస్తుందని వాదించవచ్చు. దాని కింద లీజు రద్దు చేసుకోవాలంటే మరమ్మతులు పూర్తయ్యేలోపే నోటీసు ఇవ్వాలి. ఇవేవీ కుదరకపోయినా 91.006 సెక్షన్ ఉంది. అద్దెకున్నవాళ్లు మధ్యలో వెళ్లిపోతే, ఓనర్ ఇల్లు ఖాళీగా ఉంచి మొత్తం వసూలు చేయడానికి లేదు, వేరేవాళ్లకు అద్దెకివ్వడానికి ప్రయత్నించాల్సిందే. ఈ హక్కు వదులుకున్నట్టు లీజులో రాసి ఉన్నా అది చెల్లదు.

నోటీసు ఇచ్చి ఖాళీ చేసేదాకా అద్దె మాత్రం ఆపొద్దని గట్టిగా చెప్పండి. కోపంతో అద్దె ఆపేస్తే ఖాళీ చేయించే కేసు పెట్టడానికి ఓనర్‌కు వీలు దొరుకుతుంది. ఆ కేసు రికార్డు తర్వాత ఇల్లు వెతుక్కునేటప్పుడు కూడా అడ్డొస్తుంది.

డిపాజిట్ కోసం కొత్త అడ్రసు రాసివ్వాలి. ఖాళీ చేసిన 30 రోజుల్లో ఓనర్ తిరిగివ్వాలి. దురుద్దేశంతో ఆపితే ఆపిన మొత్తానికి మూడింతలు, పైన 100 డాలర్లు, లాయరు ఫీజు కోర్టు ఇప్పిస్తుంది. 20,000 డాలర్ల వరకూ కేసు చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులోనే వేసుకోవచ్చు.

టెక్సాస్ స్టేట్ యూనివర్సిటీలో చదువుతుంటే, అక్కడ విద్యార్థులకు న్యాయ సలహా ఇచ్చే అటార్నీ ఉన్నారు. లీజు, ఫోటోలు పట్టుకుని ఈ వారమే వెళ్లమనండి.