ఏప్రిల్ 16 పేపరు చదువు

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసాలు పధ్నాలుగూ చదివాను. నెహ్రూ గారి దగ్గర మొదలెట్టి మోదీ గారి దాకా ఒక్కో ప్రధానికి ఒక్కో వ్యాసం. పుట్టిన ఊరు, చదువు, పదవిలోకి వచ్చిన తేదీ, దిగిన తేదీ, మధ్యలో చేసిన పనులు, చివర్లో ఒక దండ. తేదీలకి వంక పెట్టడానికి లేదు. రాజోలు పిల్లవి కదా, వాక్యం కూడా ఎక్కడా తట్టుకోలేదు. అయినా ఆరో వ్యాసం దగ్గరికొచ్చేసరికి నాకు ఆవలింత వచ్చింది. ఎందుకొచ్చిందా అని ఆలోచించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీ వ్యాసాల్లో అందరికీ అన్నీ ముందే తెలుసు. పీవీ గారు ఆర్థిక సంస్కరణలు జేబులో పెట్టుకునే ఢిల్లీ గద్దె ఎక్కినట్టు రాశావు. ఇందిరాగాంధీ ఓడిపోవడానికే 1977లో ఎన్నికలు పెట్టినట్టు రాశావు. శాస్త్రి గారి సంగతైతే మరీను. అరియలూరు రైలు ప్రమాదం తర్వాత 1956లో ఆయన రైల్వే మంత్రి పదవి వదులుకున్నది ఎనిమిదేళ్లకి ప్రధాని కావడానికే అన్నట్టుంది. అయిపోయిన పెళ్లికి బాజాలంటే ఇదే. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. నాయకుడి గురించి రాస్తున్నప్పుడు, ఆ రోజు ఆయనకి తెలియనిదాన్ని నువ్వూ కాసేపు మర్చిపో.

మన కోనసీమ మనిషితోనే చెప్తాను. 1999 ఏప్రిల్ 17. అన్నాడీఎంకే మద్దతు తీసేసుకుంది, రాష్ట్రపతి నారాయణన్ గారు వాజ్‌పేయి గారిని బలం చూపించమన్నారు. లోక్‌సభలో స్పీకరు కుర్చీలో ఉన్నది బాలయోగి గారు, ఎదుర్లంక ఆయన. తూర్పుగోదావరి జిల్లా పరిషత్ ఛైర్మన్‌గా మనవాళ్లకి ఎప్పట్నించో తెలిసిన మనిషి. స్పీకరై అప్పటికి ఏడాది దాటింది. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. ఓటింగుకి ముందు ఒక పేచీ వచ్చిపడింది. గిరిధర్ గమాంగ్ ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు గానీ ఎంపీ పదవికి రాజీనామా చెయ్యలేదు. మరి ఆయన ఓటెయ్యొచ్చా? కూడదని అధికార పక్షం గొడవ. బాలయోగి గారు దాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అనుకూలంగా 269, వ్యతిరేకంగా 270.

నువ్వు దీన్ని 'ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం కూలిపోయింది' అని ఒక్క వాక్యంలో దాటేశావు. (ఒక్క ఓటు మనకి కొత్తేం కాదులే. ఒకప్పుడు రాజమండ్రి మునిసిపాలిటీకి ఛైర్మన్‌గా చేసిన ప్రకాశం పంతులు గారి ఆంధ్ర ప్రభుత్వం కూడా 1954 నవంబరులో, మద్యనిషేధం గొడవలో, ఒక్క ఓటుతోనే పడింది.) అక్కడ ఆగి లెక్క వెయ్యి. గమాంగ్ ఓటు తీసేస్తే ఇటు 269, అటు 269. స్పీకరుకి మామూలుగా ఓటు లేదు. ఓట్లు సమానంగా వచ్చినప్పుడు మాత్రం రాజ్యాంగం 100వ అధికరణం ఆయన చేతికి ఒక ఓటు ఇస్తుంది. అంటే దేశానికి ప్రధాని ఉండాలా దిగాలా అన్నది ఎదుర్లంక మనిషి చేతిలో పడేది. ఆయన పార్టీ తెలుగుదేశం అప్పుడు వాజ్‌పేయి వైపే ఉంది.

ఈ లెక్క ఇవాళ మనకి ఇట్టే వస్తుంది. ఆ రోజు స్పీకరు కుర్చీలో ఉన్న మనిషికి రాదు. బీఎస్పీ తటస్థంగా ఉంటుందని ప్రభుత్వం వైపు వాళ్లు నమ్ముకున్నారు, తీరా అది వ్యతిరేకంగా వేసింది. కాశ్మీరు పార్టీ నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం పక్షానే ఉన్నా, అందులోని సైఫుద్దీన్ సోజ్ పార్టీ మాట కాదని ఎదురు ఓటేశారు. బాలయోగి గారు వదిలేసింది ఒక్క ఓటుని. అంతా ఆ ఒక్క దాని మీదే తేలుతుందని ఆయనకెలా తెలుస్తుంది?

అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దగ్గర టీకొట్లో ఈ సంగతి మీద ఇద్దరు ఒలుపు కార్మికులు వాదించుకోవడం విన్నాను. ఇద్దరి చేతులకీ ఇంకా పీచు అంటుకునే ఉంది. ఒకాయన, 'ఆ ఒరిస్సా ఆయన్ని కూర్చోబెట్టేస్తే పోయేది కదండీ, గవర్నమెంటు నిలబడేది' అన్నాడు. రెండో ఆయన గ్లాసు కింద పెట్టి, 'కూర్చోబెడితే ఊరుకుంటారేంటండీ? మనోడు పార్టీ కోసం చేశాడనరూ? ఆ కుర్చీలో కూర్చున్నోడికి ఆ మాట పడటం ఎంత కష్టం?' అన్నాడు. మొదటి ఆయన మాటలో 270 అన్న అంకె ఉంది. రెండో ఆయన మాటలో ఆ రోజు మధ్యాహ్నం ఉంది. నీ వ్యాసం రెండో ఆయన రాసినట్టుండాలి.

దానికో పద్ధతి ఉంది. ఏదైనా పెద్ద సంఘటన మీద రాసే ముందు, మర్నాటి పేపరు చదవకు, ముందురోజు పేపరు చదువు. 1999 సంగతికైతే ఏప్రిల్ 16 పేపరు. అందులో ఎవరు ఎటు వేస్తారని అనుకున్నారో, ఏ పుకారు ఏ పేజీలో వేశారో, సినిమా ప్రకటనలతో సహా చూడు. 18వ తేదీ పేపరుకి అన్నీ తెలిసిపోయి ఉంటాయి, దాన్ని ఆఖర్న చదువుకోవచ్చు. పాత పేపర్ల బైండ్ల కోసం రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంతో మొదలెట్టు, దుమ్ముకి తుమ్ములొస్తాయి, రుమాలు పట్టుకెళ్లు. లోక్‌సభ చర్చలు పార్లమెంటు వెబ్‌సైట్‌లోనే దొరుకుతాయి. ఎవరు మాట్లాడుతుంటే ఎక్కడ అల్లరి లేచిందో కూడా అందులో ఉంటుంది. ఆ అల్లరి దగ్గరే నీకు కావలసింది దొరుకుతుంది.

పీవీ గారి వ్యాసం మొత్తం మళ్లీ రాయాలి. 'అపర చాణక్యుడు' ముందు కొట్టెయ్. 1991 ఎన్నికల్లో ఆయన అసలు పోటీయే చెయ్యలేదు. డెబ్బై నిండబోతున్నాయి, ఢిల్లీలో సామాను సర్దేసుకుంటున్నారు. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్య జరిగింది. సరిగ్గా నెలకి, జూన్ 21న, ఈయన ప్రధాని. సభలో మెజారిటీ లేదు, తను ఎంపీ కాదు, విదేశీ మారకం చూస్తే రెండు మూడు వారాల దిగుమతులకి కూడా కటకటే. జూలై 1న ఒకసారి, 3న ఇంకోసారి రూపాయి విలువ తగ్గించారు. ఆ నెలలోనే సుమారు 47 టన్నుల బంగారం దేశం దాటించి తాకట్టు పెట్టారు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్. అదే రోజు, బడ్జెట్‌కి కాస్త ముందు, లైసెన్సుల రాజ్యాన్ని చాలామటుకు ఎత్తేసే పారిశ్రామిక విధానం సభ ముందుకొచ్చింది. పరిశ్రమల శాఖ పీవీ గారి దగ్గరే ఉంది. అయినా ఆ కాగితం ఆయన పెట్టలేదు, సహాయ మంత్రి చేత పెట్టించారు. బడ్జెట్ సందట్లో అది పెద్దగా ఎవరి కంటా పడలేదు. బలం లేని ప్రధాని ఎలా అడుగేస్తాడో ఈ ఒక్క సంగతి చెప్తుంది. దీని మీద ఒక పేజీ రాసినా నాకు అభ్యంతరం లేదు.

అదే మనిషిని మన డెల్టా 1972లో ఎలా చూసిందో నువ్వు రాయనే లేదు. ముఖ్యమంత్రిగా భూసంస్కరణలు మొదలెట్టారు, పొలాలున్నవాళ్లకి కంటగింపయింది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఆంధ్రని విడగొట్టమని జై ఆంధ్ర ఉద్యమం లేచింది, కాలేజీలు మూతబడ్డాయి, రైళ్లు ఆగాయి. 1973 జనవరిలో ఆయన దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. 1991లో నంద్యాల ఉప ఎన్నికలో అదే మనిషి 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిస్తే, ఎన్టీఆర్ పోటీ కూడా పెట్టకపోతే, 'మన తెలుగోడు' అని మురిసిపోయింది ఆ కోస్తానే. ఈ రెండూ పక్కపక్కన పెట్టు. వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇక్కడ నిన్నొకటి హెచ్చరించాలి. తర్వాత జరిగింది మర్చిపోవడమంటే మాఫీ చెయ్యడం కాదు. 1992 డిసెంబరు 6ని, అంటే అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చిన రోజుని, నువ్వు రెండు లైన్లలో సర్దేశావు. మసీదుకి ఏమీ కానివ్వమని ఉత్తరప్రదేశ్‌లోని కళ్యాణ్ సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి హామీ ఇచ్చిన మాట నిజం. ఆ హామీని ఎంతవరకు నమ్మొచ్చో తూచుకోవలసిన బాధ్యత మాత్రం ప్రధానిదే. ఆయనకి ఏం తెలుసన్నది ఒక ప్రశ్న, ఏం తెలుసుకుని ఉండాల్సిందన్నది ఇంకో ప్రశ్న. రెండూ అడుగు. తెలుగువాడు కదా అని రెండోది మింగెయ్యకు.

ఇందిర వ్యాసంలో 1977 గురించి 'దేశమంతా ఆమెను తిరస్కరించింది' అన్నావు. ఏ దేశం తల్లీ? ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకి 41 కాంగ్రెస్‌కే వచ్చాయి, పోయిన ఒక్కటీ నంద్యాల, జనతా తరఫున సంజీవరెడ్డి గారు గెలిచింది. ఆమె రాయ్‌బరేలీలో ఓడిపోతున్న రోజున మన లంకల్లో ఆమె పార్టీ గెలుస్తోంది. 1984 డిసెంబరులో తిరగబడింది. దేశమంతా రాజీవ్ వెంట నడుస్తుంటే మనవాళ్లు తెలుగుదేశానికి 30 సీట్లిచ్చి లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షాన్ని చేశారు. రెండుసార్లూ ఢిల్లీ పేపర్లు మనల్ని చూసి బుర్ర గోక్కున్నాయి. నువ్వు రాజోల్లో కూర్చుని ఢిల్లీ పేపరులా రాస్తే ఎలా?

మీ ఊళ్లో పెద్దవాళ్లని అడుగు. అయితే 'ఎందుకు వేశారు' అని అడిగితే అందరూ ముందే అనుకున్నామంటారు. ఆ రోజు పంటు ఏ రేవు నుంచి ఎక్కారు, ఓటేశాక ఎక్కడ భోంచేశారు, ఫలితం రేడియోలో ఎవరింట్లో విన్నారు అని అడుగు. ఎందుకన్నది మెల్లిగా అదే బయటికొస్తుంది.

ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ల మీద వ్యాసం పక్కన పెట్టు. పొగిడినా తిట్టినా అది పాంప్లెట్ అవుతుంది.

ఇంకొకటి. పధ్నాలుగు అని లెక్క తేల్చావంటే గుల్జారీలాల్ నందా గారిని వదిలేసినట్టే. రెండుసార్లూ పదమూడేసి రోజుల తాత్కాలిక ప్రధాని, రాయడానికేముందని అనుకుని ఉంటావు. 1964 మే 27న నెహ్రూ పోయిన సాయంత్రం ప్రమాణం చేస్తున్నప్పుడు అది పదమూడు రోజులని ఆయనకెవరు చెప్పారు? నెహ్రూ తర్వాత ఎవరన్న ప్రశ్న అప్పటికి తేలలేదు. హోంమంత్రి, మంత్రివర్గంలో సీనియరు, ఆ వరసలో తన పేరూ ఉందేమోనని ఆశపడే హక్కున్న మనిషి. 1966 జనవరిలో తాష్కెంట్ నుంచి శాస్త్రి గారు పోయారన్న కబురొచ్చినప్పుడు మళ్లీ ఆయన్నే పిలిచారు. ముందు ఈ వ్యాసం రాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ఇట్లు,
నరసాపురం నుంచి
నీ బాబాయి