గైడ్ హెచ్-ఇండెక్స్ 19 ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఒక తండా. నల్గొండలో ఎం.ఎడ్. చేసి, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. లెక్కలంటే తండా పిల్లలకుండే భయం మీద, ఎడ్యుకేషనల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇద్దరు గైడ్లను అనుకున్నాను. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఒకరికి సైటేషన్లు (వేరేవాళ్లు తమ రచనల్లో ప్రస్తావించినవి) 1,400, హెచ్-ఇండెక్స్ 19. ఇంకొకరికి 90, 5. మా అన్నయ్య మొదటివారినే పట్టుకోమంటున్నాడు. తెలిసినాయన ఒకరు ఆరు వేలు ఇస్తే నా పేరుతో పేపర్ వేయిస్తానంటున్నారు, అది ఉంటేనే సీటు వస్తుందట. ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీ అన్నయ్య అన్నదాంట్లో తప్పేం లేదు. కాకపోతే ఆ 19 ఎక్కణ్నుంచి వచ్చిందో చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు.

ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు వచ్చాయో చెప్పే హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. లెక్కల టీచరు కదా, మీకు చిటికెలో అర్థమవుతుంది. ఒకరి ఐదు పేపర్లకు వరసగా 30, 12, 6, 4, 1 సైటేషన్లు వచ్చాయనుకోండి. నాలుగు పేపర్లకు కనీసం నాలుగేసి ఉన్నాయి కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. ఆ 30 కాస్తా 300 అయినా అది 4 దగ్గరే ఉంటుంది. పైగా సర్వీసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుందే గానీ మామూలుగా తగ్గదు. ప్రొఫైల్‌లో సంవత్సరాల వారీ గ్రాఫ్ ఉంటుంది చూడండి. ఒకరిది పాతికేళ్ల నుంచి, ఇంకొకరిది ఆరేడేళ్ల నుంచి మొదలైతే ఇద్దరినీ పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

తర్వాత పేపర్ల జాబితా కిందిదాకా చదవండి. మన దగ్గర ఒకే ఇంటిపేరు అక్షరం, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊరికి పదిమంది. గూగుల్ స్కాలర్ వేరేవాళ్ల కెమిస్ట్రీ పేపర్లను కూడా తెచ్చి ఒకే ప్రొఫైల్‌లో కలిపేస్తుంటుంది, ఆ ప్రొఫెసర్ తీసేయకపోతే అలాగే ఉండిపోతాయి. అది థీసిస్‌లలో, పుస్తకాల్లో వచ్చిన ప్రస్తావనలను కూడా లెక్కేస్తుంది కాబట్టి, అదే మనిషికి స్కోపస్ అనే ఇంకో డేటాబేస్‌లో అంకె సాధారణంగా తక్కువ చూపిస్తుంది. ఎక్కడ చూసిన అంకో తెలియకుండా పోల్చకండి.

ఈ సబ్జెక్టులో ఇంకో తిరకాసుంది. ఒక ప్రశ్నావళి తయారుచేసి ప్రామాణీకరించినవారికి, దాన్ని వాడిన ప్రతివాళ్లూ సైటేషన్ ఇస్తారు. సమీక్షా వ్యాసాలకూ అంతే. స్వీయ సామర్థ్య విశ్వాసం, అంటే 'నేను చేయగలను' అనే నమ్మకం మీద సైకాలజిస్టు బందూరా 1977లో రాసిన వ్యాసానికి సైటేషన్లు వేలల్లో కాదు, పదివేలల్లో ఉన్నాయి. అదే లంబాడీ మాట్లాడే పిల్లలు తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో లెక్కల ప్రశ్న చదివి ఎక్కడ తడబడుతున్నారో ఎవరైనా ఓపిగ్గా రాస్తే, ఇరవై సైటేషన్లు రావడం కూడా గొప్పే. మీ థీసిస్‌కు మాత్రం ఆ రెండో రకం పనే పనికొస్తుంది. ఇంగ్లిష్ ప్రశ్నావళిని తెలుగులోకి మార్చి, మన పిల్లల మీద మళ్లీ పరీక్షించి సరిచూడటం మీకు తప్పదు. ఆ పని చేసి ఉన్న గైడ్ దగ్గర మీకు ఏడాది కలిసొస్తుంది. నన్నడిగితే, రెండోవారి 90లో సగమైనా ఇలాంటి పనికి వచ్చి ఉంటే ముందు వాళ్లనే కలవమంటాను.

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఇద్దరి పేర్లూ వెతకండి. వాళ్ల దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవాళ్ల థీసిస్‌లు అక్కడ దొరుకుతాయి. అందులో ఒకరిద్దరికి ఫోన్ చేసి, అధ్యాయం ఇస్తే సార్ ఎన్నాళ్లకు చదివి ఇచ్చేవారో అడగండి. నా దృష్టిలో ఏ ఇండెక్స్ కంటే ఆ జవాబే ముఖ్యం. ఖాళీ కూడా కనుక్కోవాలి. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురే ఉండాలి. 1,400 సైటేషన్లున్నా సీటు లేకపోతే ఏం లాభం?

ఆరు వేల సంగతి: ఇవ్వొద్దు. అవే 2022 నిబంధనల్లో, థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చయి ఉండాలన్న షరతును యూజీసీ తీసేసింది. కొన్ని యూనివర్సిటీలు సొంతంగా అడుగుతాయి గానీ అది చేరిన తర్వాతి మాట. ఆయన "కేర్ లిస్టు జర్నల్" అంటే అసలు నమ్మకండి, మంచి జర్నళ్లంటూ యూజీసీ పెట్టిన ఆ లిస్టునే 2025లో ఆపేసింది. డబ్బిచ్చి వేయించుకున్న పేపర్ రేపు ఇంటర్వ్యూలో మీ ముందే పెట్టి అడిగితే జవాబు చెప్పుకోలేరు.

ఆ డబ్బూ, ఆ సమయమూ నెట్ (జాతీయ అర్హత పరీక్ష) మీద పెట్టండి, ఎడ్యుకేషన్ సబ్జెక్టుతో. 2024 జూన్ నుంచి ఆ స్కోరు పీహెచ్‌డీ ప్రవేశాలకూ పనికొస్తోంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. స్కూల్ ఉద్యోగాన్ని మాత్రం ఫలితం వచ్చేదాకా వదలొద్దు.