రెండో కుందేలు వచ్చిందన్నావుగా

అమ్మలూ,

కొత్త కుందేలును పాతదాని బోనులోనే వదలనా అని అడిగావు. వద్దు తల్లీ. ఇవాళే కాదు, ఈ నెలలో కూడా కుదరకపోవచ్చు. ఒకప్పుడు నేను ఆ పనే చేశాను. పాపం ఒంటరిది, తోడు దొరికితే సంబరపడుతుందనుకుని కొత్తదాన్ని లోపల పెట్టి తలుపు వేశాను. అర నిమిషంలో బొచ్చు గాల్లోకి లేచింది. విడదీద్దామని చెయ్యి పెడితే నా చూపుడువేలు దొరికింది దానికి. మచ్చ ఇంకా ఉంది. కుందేలు సాధువే, కానీ తన చోటు జోలికొస్తే మాత్రం కాదు.

ముందు రెండింటికీ ఆపరేషన్ చేయించు. ఒకటి ఆడ, ఒకటి మగ అన్నావు కాబట్టి కలవడం కాస్త సులువే. ఆపరేషన్ లేకుండా కలిపావో, నెల తిరిగేసరికి ఇల్లంతా పిల్లలే. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాల దాకా ఆడదాని దగ్గరికి రానివ్వకు, అప్పటివరకు కడుపు వచ్చే అవకాశం ఉంటుంది.

ఈలోగా బోనులు పక్కపక్కన పెట్టు, మధ్యలో జానెడు ఎడం వదులు. లేకపోతే ఊచల్లోంచే ముక్కులు కొరుక్కుంటాయి. రోజూ దీని దొడ్డికెళ్లే ట్రే దానికీ, దాని దుప్పటి దీనికీ మార్చు. ముందు వాసన అలవాటు కావాలి.

తర్వాత రెండూ ఎప్పుడూ అడుగుపెట్టని చోట కలుపు. బాత్రూమ్ అయినా సరే. నేల జారకుండా ఏదైనా పరిచి, ఎండుగడ్డి కుప్పగా వెయ్యి. అట్టపెట్టె పెడితే రెండు వైపులా దారి ఉండాలి, మూలకు చిక్కిన కుందేలు తిరగబడుతుంది. నువ్వూ కింద కూర్చో. చేతికి మందపాటి గ్లవ్స్, పక్కన చీపురు. ఫోన్ బయట పెట్టెయ్. మొదట్లో పది నిమిషాలు చాలు, గొడవ లేకుండా ఉన్నప్పుడే ముగించు.

ఒకదాని మీద ఒకటి ఎక్కితే కంగారుపడకు, ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయంతే. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దించెయ్, కింద ఉన్నది కొరకరాని చోట కొరుకుతుంది. చెవులు వెనక్కి అణిచి, తోక లేపి, ఒకదాని చుట్టూ ఒకటి గిరగిరా తిరుగుతుంటే చీపురు అడ్డం పెట్టు. చెయ్యి మాత్రం పెట్టకు!

ఇక, చెరోవైపు తిరిగి కూర్చుని మూతి కడుక్కుంటున్నాయనుకో, ఇవి కలిసేలా లేవని నీకు బెంగ పుడుతుంది. నన్నడిగితే అంతకంటే మంచి సూచన లేదు. మా వాటికి మూడు వారాలు అదే తంతు. ఒకరోజు పాతది వెళ్లి కొత్తదాని గడ్డం కింద తల పెట్టి కదలకుండా కూర్చుంది. కొత్తది నోట్లో ఉన్న గడ్డిపరక తాపీగా నమిలి, అప్పుడు దాని నుదురు రెండుసార్లు నాకింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

కలిశాక కూడా రెండు రోజులు కనిపెట్టుకుని ఉండు. తరుముకోవడం లేకపోతేనే రాత్రిపూట కలిపి వదులు. ఒకదాన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సి వస్తే రెండోదాన్నీ వెంట తీసుకెళ్లు, ఆసుపత్రి వాసనతో ఒక్కటే తిరిగొస్తే గుర్తుపట్టక మళ్లీ కొట్టుకుంటాయి. ఈ టెన్షన్‌లో ఏదైనా పూటంతా తిండి ముట్టకపోతే అన్నీ ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించు.

రేపే ట్రేలు మార్చడం మొదలుపెట్టి, ఎలా ఉన్నాయో రాయి.

నీ పెద్దమ్మ