ఓటీటీ ధరల విభాగంలో చేరాలంటే ముందు క్యాసెట్ లెక్క నేర్చుకోండి

ప్రశ్న: డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతున్నాను. ఓటీటీ సంస్థల్లో సినిమా హక్కుల కొనుగోలు, ధరల విభాగంలో పనిచేయాలని ఉంది. ఎలా సిద్ధం కావాలి?

జవాబు: ఈ రంగం చుట్టూ తిరిగేది ఒకే ప్రశ్న: సినిమా ఆడకపోతే నష్టం ఎవరు భరించాలి? దానికి వీడియో క్యాసెట్ల కాలం కన్నా మంచి పాఠం లేదు.

1990ల్లో అమెరికాలో అద్దె షాపులు ఒక్కో క్యాసెట్‌ను సుమారు 65 డాలర్లకు కొనేవి. కొన్నాక ఎన్నిసార్లు అద్దెకిచ్చినా స్టూడియోకు వాటా లేదు. అక్కడి కాపీరైట్ చట్టంలోని ‘తొలి విక్రయం’ సూత్రం అది. అద్దె 3 డాలర్లనుకుంటే, 22 సార్లు తిరిగితేగాని పెట్టుబడి రాదు. అందుకే షాపులు ఆచితూచి కొనేవి, కొత్త సినిమా కోసం వచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లేవారు. 1998లో ‘బ్లాక్‌బస్టర్’ అనే అద్దె షాపుల సంస్థ స్టూడియోలతో ఆదాయ పంపకానికి మారింది. ముందు కట్టేది 8 డాలర్ల దరిదాపులకు దిగింది, అద్దెలో ఇంచుమించు సగం స్టూడియోకు వెళ్లింది. షాపుకు మిగిలేది 1.50 డాలరే అయినా ఆరో అద్దెకే పెట్టుబడి తిరిగొస్తుంది.

ఈ రెండింటినీ ఎక్సెల్‌లో పక్కపక్కన వేయండి. 10 అద్దెలకు పాత పద్ధతిలో 35 డాలర్ల నష్టం, కొత్తదాంట్లో 7 డాలర్ల లాభం. 38 అద్దెల దగ్గర రెండూ సమానం. ఆపైన పాత పద్ధతే షాపుకు మేలు! ఒప్పందం విలువ గిరాకీ అంచనాను బట్టి ఉంటుందని ఇక్కడ కళ్లకు కడుతుంది.

డీవీడీని చవగ్గా అమ్మడంతో జనం అద్దెకు బదులు కొనుక్కోవడం పెరిగింది. ఆన్‌లైన్‌లో కాపీ అమ్మకమే లేదు, ఉన్నది లైసెన్సు. సినిమాకింత అని కట్టించుకునే చోట ప్రతి లావాదేవీలోనూ పంపకం ఉంటుంది. చందా సేవలు ఎక్కువగా గడువుకింత అని ఒకే మొత్తం ఇస్తాయి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే: వ్యూస్‌ను రేటుతో గుణించేస్తారు. స్థిర మొత్తం ఒప్పందంలో వ్యూస్ పెరిగినా చెల్లింపు మారదు, రెన్యువల్ బేరంలోనే పనికొస్తాయి.

ఒప్పందం చదివేటప్పుడు ప్రాంతం, గడువు, భాషలు, ఎక్స్‌క్లూజివ్ హక్కు, హోల్డ్‌బ్యాక్ ముందు చూడాలి. హోల్డ్‌బ్యాక్ అంటే ఫలానా తేదీ దాకా మరోచోట చూపకూడదన్న షరతు. అది గమనించకుండా ఇంకొకరికి హక్కులిస్తే ఒప్పంద ఉల్లంఘనే.

కొనుగోలు విభాగంలో నేరుగా చేరడం కష్టం. రాయల్టీ అకౌంటింగ్‌తో, అంటే హక్కుదారులకు చెల్లించాల్సిన వాటాలు లెక్కగట్టే పనితో, మొదలుపెట్టమని గట్టిగా చెబుతాను, అసలు ఒప్పందాలు చేతికొచ్చేది అక్కడే. డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష ఎస్‌క్యూఎల్ తప్పనిసరిగా నేర్చుకోండి. ఇంటర్వ్యూకు పైన చెప్పిన ఎక్సెల్ ఫైలే తీసుకెళ్లండి. అందులో మినిమమ్ గ్యారంటీకి, అంటే హక్కుదారుకు ముందే ఇచ్చే కనీస మొత్తానికి, ఒక వరుస చేర్చండి: ముందిచ్చిన సొమ్ము వాటాలోంచి పూర్తిగా రాబట్టుకునేదాకా హక్కుదారుకు అదనంగా చెల్లించేది సున్నా.